ఎంసెట్‌కి వారమే ఉంది, మాక్‌లో 78 దాటడం లేదు: ఇప్పుడేం చేయాలి?

ముందు ప్రశ్న ఏమిటో చెప్పేస్తాను, ఇదే అవస్థలో ఉన్న మిగతా పిల్లలకూ పనికొస్తుంది. అడిగిన అమ్మాయి తెలంగాణలో ఎంపీసీ రెండో సంవత్సరం పూర్తి చేసింది. వచ్చే వారమే పరీక్ష, మధ్యాహ్నం సెషన్ పడింది. మాక్ టెస్టుల్లో 160కి 75, 78 దగ్గరే ఆగిపోతోంది. చివరి పాతిక ప్రశ్నలు చూడకుండానే టైం అయిపోతోంది. మ్యాథ్స్ 2బి, అంటే రెండో సంవత్సరం లెక్కల రెండో పేపర్ అంటే భయం, ముఖ్యంగా ఇంటిగ్రేషన్. ఈ వారంలో అది మొదటి నుంచి పట్టాలా అని అడుగుతోంది. రోజుకు పద్నాలుగు గంటలు కూర్చుంటున్నా చదివిందంతా మర్చిపోతున్నట్టే ఉందట. ఇవన్నీ చాలనట్టు పరీక్షకు రెండు రోజుల ముందు మేనమామ కూతురి పెళ్లి.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పబట్టి ఇరవై రెండేళ్లయింది. పరీక్ష పేరు ఆంధ్రలో 2021లో, మన దగ్గర 2024లో ఈఏపీసెట్ అయింది గానీ ఇళ్లలో ఎవరూ అలా పిలవడం నేను వినలేదు. నేనూ ఎంసెట్ అనే అంటాను.

తల్లీ, ఇంటిగ్రేషన్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాట ఒకటుంది, నాకు అసలు విషయం అక్కడే కనబడింది. చివరి పాతిక ప్రశ్నలు చూడటం లేదన్నావు. స్క్రీన్ మీద 1 నుంచి 80 దాకా మ్యాథ్స్, 120 దాకా ఫిజిక్స్, 160 దాకా కెమిస్ట్రీ వస్తాయి. నువ్వు ఒకటో ప్రశ్న నుంచి వరసగా చేసుకుంటూ పోతున్నావు కదా? అలాగైతే నువ్వు చూడకుండా వదిలేస్తున్నవి 136 నుంచి 160. అన్నీ కెమిస్ట్రీ ప్రశ్నలే! చదివి ఉంటే ఇరవై సెకన్లలో పెట్టేయగల ప్రశ్నలు చాలా వరకు అక్కడే ఉంటాయి. అంటే మ్యాథ్స్‌లో ఒక్క మార్కు కోసం మూడేసి నిమిషాలు పోస్తూ, ఇరవై సెకన్లకు వచ్చే మార్కుని గుమ్మం దాకా వెళ్లి పలకరించకుండా వచ్చేస్తున్నావు. రెండు మార్కుల విలువా ఒకటే.

కాబట్టి ఈ వారంలో నువ్వు మార్చాల్సిన మొదటిది సిలబస్ కాదు, వరస. ఎంసెట్‌లో ఏ సబ్జెక్టు నుంచైనా ఏ సబ్జెక్టుకైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు. కెమిస్ట్రీతో మొదలుపెట్టు, 35 నిమిషాలు. తర్వాత ఫిజిక్స్‌కి 45, మ్యాథ్స్‌కి 90. ఇంకా పది నిమిషాలు మిగులుతాయి, వాటి సంగతి కింద చెప్తాను. మ్యాథ్స్ ముందు చేసి ఫిజిక్స్ తర్వాత చేస్తానంటే నాకు అభ్యంతరం లేదు, కెమిస్ట్రీ మాత్రం ఆఖరికి రాకూడదు. మూడు గంటల పరీక్షలో మొదటి అరగంటలో ముప్పై ప్రశ్నలు జవాబు చేరినట్టు ఆకుపచ్చగా కనబడితే ఆ ధైర్యం వేరు. మొదటి ప్రశ్నే పెద్ద మాత్రికల లెక్క వచ్చి, అక్కడే చెమటలు పట్టి, ఆ రోజంతా పాడు చేసుకున్న పిల్లలను చాలామందిని చూశాను.

160 ప్రశ్నలకు 180 నిమిషాలంటే ప్రశ్నకు 67 సెకన్లు, కాస్త ఎక్కువ. ఇది సగటు మాత్రమే, అన్నింటికీ సమంగా పంచితే దెబ్బతింటావు. కెమిస్ట్రీలో మిగిల్చింది మ్యాథ్స్‌లో ఖర్చు పెట్టాలి. నేను మా పిల్లలకు చెప్పే కొలత ఒకటే: ప్రశ్న పూర్తిగా చదివాక పది సెకన్లలో దారి కనబడకపోతే వదిలెయ్. కనబడి మొదలుపెట్టినా, రెండు నిమిషాలైనా తేలకపోతే వదిలెయ్. 'ఇంతసేపు చేశాను కదా, ఇంకొంచెం చూద్దాం' అనిపిస్తుంది చూడు, ఎంసెట్‌లో మార్కులు తినేసేది ఆ మాటే.

ఇక నెగెటివ్ మార్కులు. ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రాసిన పిల్లల్లో ఒక అలవాటు మిగిలిపోతుంది, తెలియకపోతే ఖాళీగా వదిలేయడం. అక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి అది తెలివి. ఎంసెట్‌లో తప్పుకు ఏమీ పోదు, కాబట్టి ఇక్కడ ఖాళీ వదలడం శుద్ధ దండగ. నువ్వు వదిలేసిన పాతిక ప్రశ్నలకు కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా, నాలుగింట ఒకటి చొప్పున సగటున ఆరు మార్కులొస్తాయి. మిగిల్చుకోమన్న పది నిమిషాల్లో చివరి నాలుగు దీనికే. ఆ నాలుగు నిమిషాల్లో ఏ ప్రశ్నా కొత్తగా చేయొద్దు. ఖాళీగా ఉన్నవన్నీ నింపి బయటికి రా. 'మూడో ఆప్షన్‌కే ఎక్కువ వస్తుంది సార్' అని ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు చెబుతాడు. నీకేమీ తెలియనప్పుడు ఏది నొక్కినా అవకాశం అంతే. దాని మీద పరిశోధన చేయకు. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే మాత్రం అది గుడ్డి బాణం కాదు, సగానికి సగం అవకాశం ఉన్నట్టే. అలాంటి ప్రశ్నలకు తట్టినప్పుడే జవాబు పెట్టి ముందుకు పో.

పెట్టడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఆప్షన్ మీద నొక్కితే జవాబు పెట్టినట్టు కాదు. నొక్కాక 'సేవ్ అండ్ నెక్స్ట్' కూడా నొక్కాలి. కొందరు ఆప్షన్ నొక్కి, కుడివైపు నంబర్ల పట్టీలో నేరుగా ఇంకో ప్రశ్న నంబర్ మీద నొక్కి దూకేస్తారు. అలా దూకితే వెనకది సేవ్ కాదు. పట్టీలో ఆకుపచ్చ ఉంటే జవాబు చేరినట్టు, ఎరుపు ఉంటే చూశావు గానీ పెట్టలేదన్నట్టు. ఊదా రంగు ఉంటే మళ్లీ చూస్తానని గుర్తు పెట్టుకున్నావు, జవాబు మాత్రం లేదు. ఊదాలో చిన్న ఆకుపచ్చ చుక్క ఉంటే జవాబు ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. చివరి నాలుగు నిమిషాల్లో నువ్వు వెతకాల్సినవి ఎరుపు, ఉత్త ఊదా, అసలు తెరవని బూడిద రంగువి. అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ లింక్ ఉంటుంది, కనీసం ఒక్కసారి కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌తో రాయి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్‌కి వెళ్లు. ఫోన్‌లో వేలితో రాసిన మాక్ వేరు.

ఎందుకంటే స్క్రీన్ మీద చదివి కాగితం మీద చేసేటప్పుడు జారిపోయేవి కొన్నుంటాయి. తల పైకెత్తి ప్రశ్న చూస్తావు, దించి రాస్తావు, ఈ మధ్యలో మైనస్ గుర్తు మాయమవుతుంది. మా క్లాసులో ఒక అబ్బాయికి ఇది జబ్బులాగా ఉండేది. ప్రతి మాక్‌లో నాలుగైదు మైనస్‌లు పోగొట్టుకునేవాడు. వాడికి నేను చెప్పిన మందు ఒక్కటే, ప్రశ్నలోని అంకెలు రఫ్ పేపర్ మీదికి ఎక్కించాక, లెక్క మొదలుపెట్టే ముందు ఒకసారి స్క్రీన్ వైపు చూడమన్నాను. రెండు సెకన్ల పని. రఫ్ పేపర్ మీద ప్రశ్న నంబర్ వేసుకోవడం కూడా అలవాటు చేసుకో. తిరిగి వచ్చినప్పుడు సగం చేసిన లెక్క ఎక్కడుందో వెతుక్కోవడంలో బోలెడు టైం పోతుంది.

ఇప్పుడు ఈ రాత్రే చేయాల్సిన పని. నువ్వు రాసిన చివరి మూడు మాక్‌లు తీసి ముందు పెట్టుకో. మార్కు రాని ప్రతి ప్రశ్న పక్కనా పెన్నుతో ఒక అక్షరం వెయ్యి. అసలు రాని ప్రశ్నకు 'రా'. టైం చాలక చూడనిదానికి 'టై'. వచ్చు, కానీ తప్పు పోయింది అనుకున్నదానికి 'తొ', అంటే తొందర. నిజాయితీగా వెయ్యాలి, ఎవరూ చూడరు. 'రా'లు ఎన్నున్నా ఈ వారంలో వాటి జోలికి పెద్దగా వెళ్లం. 'టై'లకు మందు పైన చెప్పిన వరస మార్పు. 'తొ'లే నీ ఈ వారపు పంట. ఎనభై దగ్గర ఆగిన పిల్లల పేపర్లలో నాకు ఇవి పదికి తగ్గి కనిపించడం అరుదు. ఆ మార్కులు నువ్వు చదివి సంపాదించినవే, ఇంటికి తెచ్చుకోవడంలోనే పోతున్నాయి.

'తొ' ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. ఉపరితలం నుంచి 3ఆర్ ఎత్తులో గురుత్వ త్వరణం ఎంత అని ఫిజిక్స్‌లో అడిగాడనుకో. ఆర్ అంటే భూమి వ్యాసార్థం. దూరం వర్గానికి విలోమానుపాతం అని నీకు వచ్చు, టక్కున తొమ్మిదో వంతు అని పెట్టేస్తావు. ఆప్షన్లలో అది కచ్చితంగా ఉంటుంది, నీ కోసమే పెడతారు. కానీ దూరం కొలవాల్సింది భూమి కేంద్రం నుంచి. ఎత్తు 3ఆర్ అయితే దూరం 4ఆర్, జవాబు పదహారో వంతు. ఫార్ములా వచ్చు, సూత్రం వచ్చు, 'ఎత్తు' అన్న మాటను 'దూరం' అని చదివావు అంతే. కెమిస్ట్రీలో దీని అన్న ఒకడున్నాడు, 'కింది వాటిలో సరికాని వాక్యం ఏది' అనే ప్రశ్న. మొదటి ఆప్షన్ చదువుతావు, నిజమే కదా అనుకుని నొక్కేస్తావు. అలాంటి ప్రశ్న రాగానే రఫ్ పేపర్ మీద పెద్ద ఇంటూ గుర్తు వేసి అప్పుడు ఆప్షన్లు చదవమని చెబుతాను. చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

నీ 'తొ'లన్నీ ఒక్క తెల్లకాగితం మీద, ఒక్కోటీ ఒక్క వరసలో రాయి. 'ఎత్తు, దూరం ఒకటి కాదు.' 'ప్లస్ సి కాదు, లిమిట్స్ ఉన్నాయి.' 'డిగ్రీల్లో ఉందా రేడియన్లలో ఉందా.' ఇలా. ఈ వారమంతా రోజూ పొద్దున ఆ కాగితం చదువు. కోచింగ్ వాళ్లిచ్చిన రెండు వందల పేజీల ఫార్ములా పుస్తకం కంటే నీకు ఇది విలువైంది, ఎందుకంటే ఇందులో ఉన్నవన్నీ నీ తప్పులే.

ఇక నువ్వు భయపడుతున్న 2బి. ఇన్‌డెఫినిట్ ఇంటిగ్రేషన్ ఏడు రోజుల్లో మొదటి నుంచి రాదు. వస్తుందని చెప్పేవాళ్ల వీడియోలు చూడకు. కానీ 2బి అంతా ఇంటిగ్రేషన్ కాదు కదా. సర్కిల్‌కి ఒక గీత స్పర్శరేఖ కావాలంటే షరతు ఏమిటి, ఎలిప్స్‌కి అయితే సి² = ఎ²ఎమ్² + బి², లేటస్ రెక్టమ్ 2బి²/ఎ, ఎక్సెంట్రిసిటీ ఎలా కట్టాలి, ఇవి ఒక సాయంత్రం పని. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో ఆర్డర్, డిగ్రీ చెప్పే ప్రశ్నలు, వేరియబుల్స్ విడదీసే రకం, ఇంకో పూట. డెఫినిట్ ఇంటిగ్రేషన్‌లో ఒక్క ధర్మం పట్టుకో. సున్న నుంచి పై/2 దాకా, పైన √సైన్ ఎక్స్, కింద √సైన్ ఎక్స్ + √కాస్ ఎక్స్ ఉందనుకో. కింది, పై లిమిట్స్ ఎ, బి అనుకుని పైన ఉన్నదానిలో ఎక్స్ బదులు (ఎ + బి − ఎక్స్) పెడితే ఏమొస్తుందో చూడు, ఇక్కడ సైన్ కాస్త కాస్ అవుతుంది. కింద ఉన్నది ఆ రెండింటి మొత్తమే అయితే ఇంటిగ్రేషన్ చేయక్కర్లేదు, జవాబు (బి − ఎ)/2. ఇక్కడ పై/4. రూట్ బదులు క్యూబ్ ఇచ్చినా, పదో ఘాతం ఇచ్చినా జవాబు మారదు. ఇన్‌డెఫినిట్‌లో రాని ప్రశ్న కనబడితే నీ మీద నువ్వు జాలిపడకుండా దాటేసి పో.

ఆప్షన్లు ముందే ఇచ్చే పరీక్ష ఇది అన్న సంగతి పిల్లలు మర్చిపోతుంటారు. ఎ + బి + సి = 180° అయితే సైన్ 2ఎ + సైన్ 2బి + సైన్ 2సి ఎంత అని అడిగాడనుకో. బోర్డు పరీక్షలో అయితే ఏడు మార్కులకు మెట్టు మెట్టు రాయాలి. ఇక్కడ మూడు కోణాలూ 60° అనుకో. ఒక్కోటీ సైన్ 120°, అంటే √3/2, మొత్తం 3√3/2. ఆప్షన్లలో 4 సైన్ ఎ సైన్ బి సైన్ సి ఉంటే దాని విలువా 3√3/2 వస్తుంది. 4 కాస్ ఎ కాస్ బి కాస్ సి అయితే అర వస్తుంది, కొట్టెయ్. ఒక్కోసారి రెండు ఆప్షన్లు ఒకే విలువ ఇస్తాయి, మూడు కోణాలూ సమానంగా తీసుకున్నందువల్ల. అప్పుడు 90°, 45°, 45° పెట్టి చూడు. ఎడమవైపు 0 + 1 + 1, అంటే 2. కుడివైపు 4 × 1 × ½, అదీ 2. ఇరవై ఐదు సెకన్ల పని. త్రికోణమితి, ద్విపద సిద్ధాంతంలో 'ఎన్' ఉన్న మొత్తాలు, ఇలాంటివి ఎక్కడ కనబడినా చిన్న విలువ పెట్టి చూడు. ఎన్ బదులు 1 పెడితే రెండు ఆప్షన్లు మిగిలాయా, 2 పెట్టు. ఫిజిక్స్‌లో ఇదే పని యూనిట్లతో చెయ్యొచ్చు. కాలం అడిగితే సెకన్లలో రాని ఆప్షన్లను కొట్టేయడానికి లెక్క చేయక్కర్లేదు.

కెమిస్ట్రీకి రోజూ గంటన్నర తప్పకుండా ఇవ్వు. ఈ చివరి వారంలో చదివితే నేరుగా మార్కుగా మారే సబ్జెక్టు ఇదొక్కటే. ఇంటర్ పాఠ్యపుస్తకమే చదువు, ముఖ్యంగా ఇనార్గానిక్. ఆర్గానిక్‌లో పేరున్న చర్యలను జంటలుగా పెట్టుకో, విడిగా బట్టీ పడితే పరీక్షలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. శాండ్‌మేయర్‌లో క్యుప్రస్ క్లోరైడ్, గాటర్‌మన్‌లో రాగి పొడి. క్లెమెన్సన్‌లో జింక్ అమాల్గమ్, హెచ్‌సీఎల్. అదే కార్బొనైల్‌ను వుల్ఫ్-కిష్నర్‌లో హైడ్రజీన్, క్షారంతో క్షయకరణం చేస్తారు, అంటే ఒకటి ఆమ్లంలో, ఒకటి క్షారంలో. ఆల్ఫా హైడ్రోజన్ ఉంటే ఆల్డాల్, లేకపోతే కానిజారో. జినాన్ ఫ్లోరైడ్లలో రెండు ఫ్లోరిన్లది రేఖీయం, నాలుగుది సమతల చతురస్రం, ఆరుది వక్రీకరించిన అష్టముఖి. ఇలా తేడా పక్కన తేడా పెట్టి చదివితే నిలుస్తుంది. ఇక్కడ ఇంకో మాట. ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు అనుమానం వస్తే ఇంగ్లీషు వాక్యం కూడా చూడండి, తేడా వస్తే దాన్నే ప్రమాణంగా తీసుకుంటారు.

మర్చిపోతున్నాను అన్నావు. పద్నాలుగు గంటలు చదివితే ఎవరైనా మర్చిపోతారు తల్లీ, నేనైనా అంతే. నువ్వు మర్చిపోవడం లేదు, అలిసిపోతున్నావు. పుస్తకం మూసి కాగితం మీద ఆ చాప్టర్ ఫార్ములాలు రాసి చూడు, నువ్వనుకున్నదానికంటే ఎక్కువే వస్తాయి. పది గంటలకు తగ్గించు. రాత్రి పదిన్నరకల్లా పడుకో.

నీది మధ్యాహ్నం సెషన్ కదా, మూడు నుంచి ఆరు. మే నెలలో ఆ టైంకి అన్నం తిన్న ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి. ఈ వారం రోజులూ ఆ మూడు గంటలూ నువ్వు కునుకు తీయకూడదు. రాసే మాక్‌లు సరిగ్గా మూడింటికే మొదలుపెట్టు, ఫ్యాన్ కింద టేబుల్ ముందు కూర్చుని, మధ్యలో లేవకుండా. ఈ వారంలో మూడు మాక్‌లు చాలు, రోజు మార్చి రోజు. పరీక్షకు ముందు రెండు రోజులు ఏ మాక్ వద్దు. చివరి రోజు మాక్‌లో 65 వచ్చి, ఆ అంకె నెత్తిన పెట్టుకుని పరీక్ష హాలుకు వెళ్లినవాళ్లున్నారు. పరీక్ష రోజు మధ్యాహ్నం భోజనం పదకొండున్నర, పన్నెండు మధ్య తేలిగ్గా ముగించు. పెరుగన్నంలో ఇంత కొత్త ఆవకాయ పర్వాలేదు, బిర్యానీ వద్దు. నీళ్లు, మజ్జిగ ముందు రోజు నుంచీ బాగా తాగు. వడదెబ్బ తగిలి హాల్లో వాంతి చేసుకున్న పిల్లను చూశాను నేను.

పెళ్లి గురించి మొహమాటం లేకుండా చెప్తాను. వదిన పెళ్లికి వెళ్లకపోతే ఆ బాధతో ఇంట్లో నువ్వు చదివేదీ ఏమీ ఉండదు. పగటిపూట వెళ్లు, వదినని చూడు, భోంచెయ్, నలుగురితో ఫొటో దిగు, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే మాత్రం దానికి ఉండకు. ఒక్క రాత్రి నిద్ర పోతే మళ్లీ దారిలో పడటానికి రెండు రోజులు పడుతుంది, నీకున్నవి సరిగ్గా ఆ రెండు రోజులే. ఇంకొకటి, చేతులకు మెహందీ పెట్టించుకోవద్దు. సెంటర్‌లో వేలిముద్ర తీసుకుంటారు, మెహందీ ఉంటే యంత్రం సరిగ్గా పట్టుకోకపోవచ్చు. పరీక్ష సూచనల్లోనూ ఆ మాట రాస్తారు. వదిన అలిగితే నా పేరు చెప్పు.

సెంటర్ ముందు రోజే వెళ్లి చూసి రా. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు, ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. కొన్నేళ్ల క్రితం మా విద్యార్థి ఒకడు ఒకే పేరున్న రెండు క్యాంపస్‌లలో వేరేదానికి వెళ్లిపోయాడు. తెలిసేసరికి ఆటోలో పదిహేను కిలోమీటర్ల దూరం. ఎలాగో అందుకున్నాడు గానీ, మొదటి గంటంతా చేతులు వణుకుతూనే ఉన్నాయని చెప్పాడు. హాల్ టికెట్ మీద కాలేజీ పేరు ఒక్కటే కాదు, ఊరూ వీధీ కూడా చదువు. హాల్ టికెట్‌తో పాటు ఆన్‌లైన్ దరఖాస్తు ప్రింటు ఫొటో అంటించి, సంతకం చేయించి తీసుకెళ్లాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలయితే కుల ధ్రువపత్రం కాపీ కూడా. ఈ కాగితాల పని పెళ్లికి ముందే ముగించు, ఆ తర్వాత నీకు సంతకం పెట్టేవాళ్లు దొరకరు. వాచీ, ఫోను, కాలిక్యులేటర్ ఏవీ లోపలికి రావు. టైం స్క్రీన్ మీదే తగ్గుతూ కనబడుతుంది.

పేపర్ కష్టంగా వచ్చిందనిపిస్తే కంగారుపడకు. చాలా సెషన్లలో రాయిస్తారు కాబట్టి మార్కులను నార్మలైజ్ చేసి, అంటే ఏ పూట పేపర్ ఎంత కష్టమో చూసి సరిచేసి ర్యాంకులిస్తారు. నీకు కష్టమైతే ఆ పూట నీతో రాసిన అందరికీ కష్టమే. మన దగ్గర ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా తీసేశారు కాబట్టి ఇంటర్‌లో ఎన్నొచ్చాయన్న బెంగ ఇప్పుడు అనవసరం. ఇంజనీరింగ్‌కి రెండు లక్షల పైచిలుకు మంది రాసే పరీక్ష ఇది. నువ్వున్న మార్కుల దగ్గర గుంపు బాగా ఎక్కువ, ఒక్క మార్కుకే వందల మంది వెనక్కి పోతారు. అందుకే 'తొ'ల మీద అంత చెప్పాను.

మీ అమ్మానాన్నలు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. పెళ్లిలో ఎవరైనా 'ఎంసెట్ ఎలా ప్రిపేరయ్యావమ్మా' అని మొదలుపెడతారు, పక్కనే ఉండి మాట మార్చండి. పక్కింటి పిల్ల ర్యాంకు ఈ వారం మీ ఇంట్లో వినబడకూడదు. మిగతా పని ఆ పిల్ల చూసుకుంటుంది.

ఇక లేచి ఆ మూడు మాక్‌లూ తీయి. కెమిస్ట్రీతో మొదలుపెట్టి రేపు మూడింటికి ఒకటి రాయి. 'తొ'లు ఎన్ని తేలాయో, రేపటి మాక్‌లో ఎన్ని ప్రశ్నలు చూడకుండా మిగిలాయో ఆ రెండు అంకెలు నాకు చెప్పు. 'తొ'లు పదిహేను దాటితే మిగిలిన రోజులు ఒకలా వాడాలి, దాటకపోతే 2బిలో ఇంకో రెండు చాప్టర్లు పట్టొచ్చు. అంకెలు చూశాక ఏవి పట్టాలో చెప్తాను.